లేత్ మీద చెక్క గిన్నెలు తీయాలనుకునేవారు మొదట ఏ గోరు ఉలి కొనాలి?

గుణుపురం నుంచి రాసిన తమ్ముడి ప్రశ్న సారాంశం ఇది. ఆయన ఒక పాత చిన్న లేత్ కొన్నారు. దాని మీద 10 అంగుళాల వ్యాసం వరకు చెక్క తిరుగుతుంది, అర హార్స్ పవర్ మోటారు ఉంది, చెక్కను బిగించి పట్టే నాలుగు దవడల చక్ కూడా దానితోపాటే వచ్చింది. ఇంట్లో వడ్రంగం తరతరాలుగా ఉన్నందువల్ల పనస, చింత ముక్కలకు కొదవ లేదు, వాటితో గిన్నెలు తీయాలని ఆయన కోరిక. చేతిలో 6,000 రూపాయలున్నాయి. ఆన్‌లైన్‌లో కనిపిస్తున్న 8 ఉలుల సెట్ కొనాలా, ఒక్కటే మంచి గోరు ఉలి కొనాలా, లేక తాతగారు మంచం కోళ్ళకు నగిషీ చెక్కిన పాత గోరు ఉలితోనే మొదలుపెట్టవచ్చా అని అడిగారు.

నేను పర్లాకిమిడిలో 22 ఏళ్ళుగా లేత్ మీద చెక్కపని చేస్తున్నాను. మీ ప్రశ్నకు నా సమాధానం ముందే చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాను. 12 మిల్లీమీటర్ల గుండ్రటి కడ్డీ నుంచి తీసిన హై స్పీడ్ స్టీల్ బౌల్ గౌజ్, అంటే గిన్నెలు తీసే గోరు ఉలి, ఒక్కటి కొనండి. మీ డబ్బులో సగానికి మించి దాని మీద పెట్టకండి. మిగిలిన సగం సాన పట్టే ఏర్పాటుకు దాచండి, ఎందుకంటే పదును నిలబెట్టుకోలేని వారి చేతిలో ఎంత ఖరీదైన ఉలి అయినా వారం తిరిగేసరికి ఇనుప కడ్డీతో సమానమవుతుంది.

తాతగారి ఉలి సంగతి ముందు చూద్దాం. అది చెక్క కదలకుండా ఉండి, ఉలి కదిలే పనికి చేసిన పనిముట్టు. దాని రేకు పలుచన, మెడ సన్నం, పిడిలోకి దిగిన తోక ఇంకా సన్నం. కొయ్యసుత్తితో వెనుక నుంచి కొట్టే దెబ్బకు అది తట్టుకుంటుంది, ఎందుకంటే ఆ దెబ్బ నిలువునా పడుతుంది. లేత్ మీద జరిగేది దీనికి విరుద్ధం. ఉలి టూల్ రెస్ట్ (ఉలిని ఆనించే ఇనుప పట్టీ) మీద ఆని నిలిచి ఉంటే, తిరుగుతున్న చెక్క పైనుంచి వచ్చి దాని మొనను కిందికి నొక్కుతుంది. ఆ బలమంతా మెడ దగ్గర పడి, అక్కడే విరుగుతుంది. దయచేసి ఆ ఉలిని లేత్ దగ్గరకు తీసుకురావద్దు. నూనె రాసి భద్రంగా ఉంచుకుంటే, గిన్నె తీసిన తరువాత దాని అంచుకు లతలు చెక్కడానికి అంతకన్నా మంచి ఉలి మీకు దొరకదు.

ఇక 8 ఉలుల సెట్. దాన్ని నేను వద్దనడానికి ధర కారణం కాదు. ఆ పెట్టెలో అన్నింటికన్నా పెద్దదిగా, అరచేతి వెడల్పులో సగం ఉండే ఒక గోరు ఉలి కనిపిస్తుంది. దాని పేరు స్పిండిల్ రఫింగ్ గౌజ్. చూడగానే బలమైనదనిపించి, కొత్తవారు గిన్నె దిమ్మను గుండ్రం చేయడానికి దాన్నే చేతిలోకి తీసుకుంటారు. నేనూ అదే చేశాను. నేను పని మొదలుపెట్టిన నాలుగో ఏడు, వేరే ఊరి దుకాణంలో కొన్న సెట్‌లోని అటువంటి ఉలితో 9 అంగుళాల చింత దిమ్మ పట్టాను. అమ్మినాయన గిన్నెలకు కూడా అదే వాడవచ్చని చెప్పి ఇచ్చాడు. టూల్ రెస్ట్ చెక్కకు అంగుళంన్నర దూరంలో ఉంది. మూడో నాలుగో కోతకు ఉలి మూల చెక్కలో కరుచుకుంది. పెద్ద చప్పుడు వినబడింది, పిడి మాత్రం నా చేతిలో మిగిలింది, రేకు నా భుజం పక్కనుంచి పోయి వెనుక ఉన్న సిమెంటు రేకుకు బెజ్జం పెట్టింది. ఎడమ మణికట్టు వాపు తగ్గడానికి మూడు వారాలు పట్టింది. తరువాత విరిగిన చోటు చూస్తే, అంత వెడల్పైన ఉలి పిడిలోకి వెళ్ళేచోట నా చిటికెన వేలి కన్నా సన్నని చదును తోకగా ఉంది.

ఆ ఉలిలో లోపం లేదు, దాన్ని వాడిన చోటే తప్పు. మంచం కోడు, చపాతీ కర్ర వంటివి తీసేటప్పుడు చెక్క నార లేత్ ఇరుసుకు సమాంతరంగా ఉంటుంది, కాబట్టి ఉలికి ఎప్పుడూ నార పక్కభాగమే తగులుతుంది. గిన్నె దిమ్మలో నార ఇరుసుకు అడ్డంగా ఉంటుంది. చెక్క ఒక్కసారి తిరిగేలోపు ఉలి మొనకు రెండుసార్లు నార పక్కభాగం, రెండుసార్లు నార కొస ఎదురవుతాయి. మెత్తన, గట్టి, మెత్తన, గట్టి అంటూ నిమిషానికి వేలసార్లు ఆ దెబ్బలు పడతాయి. వెడల్పైన రేకు, సన్నని తోక ఉన్న పనిముట్టు ఆ దెబ్బలకు చేసినది కాదు. బౌల్ గౌజ్‌కు తోక అనేదే ఉండదు. ఒకే మందంగల గుండ్రటి కడ్డీకి లోతైన గాడి కోసి, ఆ కడ్డీనే నేరుగా పిడిలోకి దించుతారు. గిన్నె పనికి అదొక్కటే మొదటి ఉలి కావాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

కొలతల దగ్గర చాలామంది మోసపోతారు, అమ్మేవారిలో కూడా కొందరికి ఇది తెలియదు. ఇంగ్లండ్ తయారీదారులు గౌజ్ కొలతను గాడి వెడల్పుతో చెబుతారు, అమెరికావారు కడ్డీ వ్యాసంతో చెబుతారు. అందువల్ల ఇంగ్లండ్ లెక్కలో 3/8 అంగుళం గౌజ్, అమెరికా లెక్కలో అర అంగుళం గౌజ్ దాదాపు ఒకే వస్తువు. పేరు చూసి కొనకుండా కడ్డీ వ్యాసం ఎంతో అడగండి, వీలైతే వెర్నియర్ పెట్టి కొలవండి. మీకు కావలసినది 12 నుంచి 13 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. 10 మిల్లీమీటర్ల కడ్డీ చవకగా దొరుకుతుంది, కాని గుండ్రటి కడ్డీ బిగువు దాని వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది కాబట్టి, ఆ రెండు మిల్లీమీటర్ల తేడాకే 12 మిల్లీమీటర్ల కడ్డీ రెండింతలు బిగువుగా ఉంటుంది. పైగా టూల్ రెస్ట్ దాటి ఉలి ఎంత బయటికి పోతే అంతకు మించి ఊగుతుంది. బయటి పొడవు రెండింతలైతే వంపు ఎనిమిదింతలవుతుంది. గిన్నె అడుగుకు చేరేసరికి ఉలి మూడు నాలుగు అంగుళాలు బయటికి వెళ్ళక తప్పదు. 16 మిల్లీమీటర్లది ఇంకా బిగువుగా ఉంటుంది గానీ, మీ అర హార్స్ పవర్ మోటారు దాని కోతకు ఆగిపోవచ్చు.

గాడి ఆకారం గురించి మూడు మాటలు వింటారు. అడుగు సన్నగా ఉండే ‘వి’ ఆకారం, గుండ్రంగా ఉండే ‘యు’ ఆకారం, ఈ రెంటికీ నడుమ ఉండే పారబోలా ఆకారం. మొదటి ఉలికి పారబోలా గాని ‘యు’ గాని తీసుకోండి. ‘వి’ గాడికి మొన దగ్గర అంచు మరీ ఇరుకవుతుంది, సాన పట్టడంలో చిన్న పొరపాటు జరిగినా మొన ముక్కులా సాగిపోతుంది. ఇంతకుమించి ఈ విషయం మీద మనసు పెట్టనక్కరలేదు.

ఉక్కు విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. మన ప్రాంతంలో కమ్మరి చేసే ఉలులు, చవక సెట్లలో కొన్ని, హై కార్బన్ స్టీల్‌వి. వాటికి పదును చక్కగా వస్తుంది, కాని గ్రైండర్ మీద కాస్త ఏమరితే మొన నీలంగా మారుతుంది. ఆ నీలం కనిపించిందంటే అక్కడ పాను, అంటే ఉక్కుకు పట్టించిన గట్టిదనం, పోయినట్టే, నీలమంతా అరగదీసి మళ్ళీ పదును తీయాలి. హై స్పీడ్ స్టీల్‌లో టంగ్‌స్టన్, మాలిబ్డినం, క్రోమియం, వనేడియం కలుస్తాయి, అందువల్ల 500 డిగ్రీల సెల్సియస్ దాటినా దాని గట్టిదనం పెద్దగా తగ్గదు. కొత్తగా సాన పట్టడం నేర్చుకునేవారు ఉలిని వేడెక్కించక మానరు, కాబట్టి ఈ గుణం అనుభవజ్ఞులకన్నా మీకే ఎక్కువ అవసరం. పెట్టె మీద ఎం2 అని, అంటే హై స్పీడ్ స్టీల్‌లో మామూలు రకం పేరు, ఉంటే చాలు. కోబాల్ట్ కలిసిన ఎం42 ఎక్కువసేపు పదును నిలుపుతుంది, కాని మొదటి ఏడాది మీరు అరగదీసే ఉక్కులో ఎక్కువ భాగం నేర్చుకోవడానికే ఖర్చవుతుంది కాబట్టి ఆ డబ్బు ఇప్పుడు పెట్టవద్దు.

పెట్టె మీది అచ్చును నమ్మలేకపోతే నిప్పురవ్వలు చూడండి. పిడి తీసి, కడ్డీ వెనుక కొసను గ్రైండర్ రాయికి మెల్లగా తాకించండి. కార్బన్ స్టీల్ అయితే తెల్లటి, పసుపు రవ్వలు చిటపటలాడుతూ దీపావళి కాకరపువ్వొత్తిలా చీలి విచ్చుకుంటాయి. హై స్పీడ్ స్టీల్ అయితే రవ్వలు తక్కువగా, ఎర్రగా, నారింజ రంగులో, చీలకుండా గీతల్లా పడి ఆరిపోతాయి. పక్కన ఒక పాత ఆకురాయిని, ఒక మంచి డ్రిల్ బిట్‌ను కూడా అలాగే తాకించి పోల్చుకుంటే తేడా ఒక్కసారికే కంటికి పట్టుబడుతుంది. ఆకురాయి మొదటి రకం, డ్రిల్ బిట్ రెండో రకం. హై స్పీడ్ స్టీల్ అని చెప్పి నాకు అమ్మిన ఒక ఉలి ఈ పరీక్షలో కాకరపువ్వొత్తిలా వెలిగింది.

ఇక్కడ ఏటికొప్పాక ప్రస్తావన రావడం సహజం. మనవాళ్ళలో చాలామంది లేత్ పని మొదట చూసింది అక్కడే, నేనూ అక్కడే చూశాను. అక్కడి లక్క బొమ్మలు అంకుడు కర్రతో చేస్తారు. అంకుడు మెత్తగా, సన్నని నారతో ఉంటుంది. చిన్న బొమ్మలు, భరిణెలు నార ఇరుసు వెంట ఉండేలా తిరుగుతాయి. ఆ కర్రకు, ఆ పనికి వారి ఉలులు సరిగ్గా సరిపోతాయి, ఆ చేతులకు నేను నమస్కరిస్తాను. కాని ఆ ఉలులనే చూసి చేయించుకుని, ఆరిన చింత దిమ్మ మీద నార అడ్డంగా పెట్టి గిన్నె తీయబోతే ఫలితం వేరుగా ఉంటుంది. ఉలి ఎంపిక ఊరిని బట్టి కాదు, చెక్కను, నార దిశను బట్టి జరగాలి. టేకు కూడా మెత్తగానే అనిపిస్తుంది, కాని దానిలో ఇసుకలో ఉండే సిలికా ఉన్నందువల్ల పదును త్వరగా పోతుంది. మీ మొదటి గిన్నెలకు టేకు వద్దు.

ఒకవేళ మీకు నిజంగా కావలసినవి చపాతీ కర్రలు, పప్పుగుత్తులు, కవ్వాలు అయితే నా సమాధానం మారుతుంది. అప్పుడు 10 మిల్లీమీటర్ల స్పిండిల్ గౌజ్ చాలు. దాని గాడి లోతు తక్కువ, మొన వాలు 35 నుంచి 40 డిగ్రీలు. సన్నని గళ్ళు, పూసలు దానితో తేటగా వస్తాయి. బౌల్ గౌజ్‌తో కవ్వం తీయవచ్చు, అంత నాజూకుగా రాదు, అంతే. స్పిండిల్ గౌజ్‌తో లోతైన గిన్నె లోపల మాత్రం తీయకూడదు. రెండింటిలో ఒక్కటే కొనగలిగినప్పుడు రెండు పనులకూ ప్రమాదం లేకుండా పనికివచ్చేది బౌల్ గౌజే. కార్బైడ్ బిళ్ళ బిగించిన ఉలులు కొందరు సూచిస్తారు. వాటికి సాన అక్కరలేదు, కాని అవి ఎక్కువగా గీకుతాయి, కోయవు. తడి పనస మీద నార లేచిపోయి గరుకుకాగితంతో పూటంతా రుద్దవలసి వస్తుంది.

సాన గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ ఉలి మీకు పనికివస్తుందా లేదా అన్నది ఇక్కడే తేలుతుంది. దుకాణాల్లో మామూలుగా దొరికే బెంచ్ గ్రైండర్ నిమిషానికి దాదాపు 2,800 చుట్లు తిరుగుతుంది. దొరికితే 1,440 చుట్లది తీసుకోండి, పొరపాటు దిద్దుకోవడానికి వ్యవధి ఉంటుంది. దొరకకపోతే వేగందే కొని, దానితో వచ్చిన బూడిదరంగు రాయి తీసి 80 నంబరు తెల్ల అల్యూమినియం ఆక్సైడ్ రాయి వేయించండి. తెల్ల రాయి తనంతట తాను రాలుతూ కొత్త గరుకు బయటపెడుతుంది కాబట్టి ఉక్కు తక్కువ వేడెక్కుతుంది. హై స్పీడ్ స్టీల్ వేడెక్కితే నీటిలో ముంచవద్దు, కంటికి కనబడని బీటలు పడే ప్రమాదం ఉంది. పక్కన పెట్టి చల్లారనివ్వండి.

కొత్త గౌజ్‌కు దుకాణంలోని పదును ఉంటుందని అనుకోవద్దు, దాని మొనకు ఏదో ఒక ఆకారం మాత్రమే ఉంటుంది. మొన వాలు 55 డిగ్రీలకు తెచ్చుకోండి. 40 డిగ్రీల మొన చెక్కను తేలిగ్గా కోస్తుంది, కాని గిన్నె లోపల గోడ నుంచి అడుగుకు తిరిగే చోట పిడి గిన్నె అంచుకు తగిలి, వాలు చెక్క మీద ఆనడం మానేస్తుంది. వాలు ఆనకపోతే ఉలికి ఆధారం పోయి వెంటనే కరుచుకుంటుంది. 55 డిగ్రీలతో మీరు తీయబోయే మూడంగుళాల లోతు గిన్నె అడుగు దాకా వెళ్ళవచ్చు. రెండు పక్కల రెక్కలను కొద్దిగా వెనక్కి, వేలి గోరు ఆకారంలో అరగదీయండి. బాగా వెనక్కి లాగిన రెక్కల పద్ధతిని అమెరికాలో లేత్ మీద చెక్కపని చేసే డేవిడ్ ఎల్స్‌వర్త్ పేరుతో పిలుస్తారు. అది చాలా పనులు చేస్తుంది, కాని మొదట్లో ఆ పొడవైన రెక్కే కరుచుకుంటుంది, కాబట్టి ఇప్పుడు వద్దు.

ప్రతిసారీ అదే కోణం రావడానికి ఒక చిన్న మార్గం ఉంది. మొన కింద ఉన్న వాలంతా నల్ల మార్కర్ పెన్నుతో పూయండి. గ్రైండర్ ఆపి ఉంచి, ఉలిని రాయి మీద ఆనించి, రాయిని చేత్తో పావు చుట్టు తిప్పండి. సిరా మడమ దగ్గర, అంటే వాలుకు మొనకు దూరంగా ఉన్న కొసన, చెరిగితే పిడిని కొద్దిగా ఎత్తండి, మొన దగ్గర చెరిగితే దించండి. వాలు పొడవునా సన్నని గీతగా చెరిగినప్పుడు ఆ స్థితిలో పిడి వెనుక కొస ఎక్కడ ఆనిందో చూసి, అక్కడ ఒక చెక్క గూటాన్ని బల్లకు బిగించండి. ఇకమీదట పిడి కొసను ఆ గూటంలో పెట్టి, ఉలిని ఇటూ అటూ దొర్లించడమే. ఉలిని ఒకే కోణంలో పట్టి ఉంచే ఖరీదైన జిగ్ చేసే పని మొదటి ఏడాదికి ఈ గూటం చేస్తుంది. ఒక రాత్రి నేను ఇదే పద్ధతిని ఒక కుర్రవాడికి చూపించాను. మొదట అతను మోటారు వేసి నొక్కి పట్టాడు, మొన చదునైపోయింది. రెండోసారి సిరా పూసి, బరువు వేయకుండా, ఉలి తన బరువుతోనే రాయి మీద నిలిచేలా పట్టాడు. మూడు దొర్లింపులకు గాడి లోపలి అంచు మీదుగా రవ్వలు పైకి పొర్లడం మొదలైంది. రవ్వలు అంచు దాటి గాడిలోకి వచ్చాయంటే పదును మొనదాకా చేరినట్టు, అక్కడితో ఆపాలి. పని మధ్యలో ప్రతి పది, పదిహేను నిమిషాలకు ఇలా ఒక్క తాకు ఇవ్వడం అలవాటు చేసుకోండి. మొద్దుబారిన ఉలిని మనం తెలియకుండానే నొక్కుతాం, నొక్కితే అది కరుచుకుంటుంది.

పిడి లేని గౌజ్ దొరికితే అదే కొనండి, కొంత డబ్బు మిగులుతుంది. ఆరిన తుమ్మ కర్ర 16 అంగుళాలది తీసుకుని, ముందుగా కొసలో రెండంగుళాల లోతు రంధ్రం వేయించి, ఆ రంధ్రాన్నే టెయిల్ స్టాక్ (లేత్‌లో మోటారుకు ఎదురుగా చెక్క కొసను ఆపే భాగం) కొనకు ఆనించి తీస్తే కడ్డీ, పిడి ఒకే వరుసలో నిలుస్తాయి. రోకలికి పొన్ను వేసినట్టే దీనికీ పొన్ను తప్పనిసరి. ఫ్రిజ్ బాగుచేసేవారి దగ్గర దొరికే లావుపాటి రాగి గొట్టం ముక్క బిగుతుగా ఎక్కించి, కడ్డీని ఎపాక్సీతో దించండి.

మొదటి దిమ్మకు పచ్చి పనస ఆరంగుళాలది తీసుకోండి, బాడిసెతో మూలలు తీసేసి బిగించండి. అంగుళాల్లో వ్యాసాన్ని చుట్ల సంఖ్యతో గుణిస్తే 6,000 నుంచి 9,000 మధ్య రావాలని లెక్క. అంటే ఆరంగుళాలకు 1,000 నుంచి 1,500 చుట్లు, కాని దిమ్మ గుండ్రమయ్యే దాకా 500 దాటవద్దు. ముఖానికి పూర్తి షీల్డ్ పెట్టుకోండి. మెడలో గావంచా, చేతికి గ్లవ్స్, వదులైన చొక్కా చేతులు ఏవీ ఉండకూడదు. బయటి వైపు అడుగు నుంచి అంచుకు, అంటే చిన్న వ్యాసం నుంచి పెద్ద వ్యాసానికి కోయండి. లోపల అంచు నుంచి మధ్యకు కోయండి. లోపలికి దిగేటప్పుడు గాడి నోరు గడియారంలో 3 వైపు చూసేలా పట్టి, మొన చెక్కలో దారి చేసుకున్న తరువాత 2 వైపుకు తిప్పండి. గాడి నోరు నేరుగా పైకి చూసిందంటే పై రెక్క కరుచుకుంటుంది.

ప్రతి కొత్త కోతకు ముందు మోటారు ఆపి, ఎడమ చేత్తో చెక్కను మెల్లగా వెనక్కి తిప్పుతూ, వాలు మడమను దాని మీద ఆనించి చూడండి. అక్కడ పదును తగలకూడదు. తరువాత చెక్కను ముందుకు తిప్పుతూ, సన్నని పొట్టు లేచేదాకా పిడిని వెంట్రుకవాసి ఎత్తండి. ఆ స్థితిని చేతికి గుర్తుండేలా రెండు మూడుసార్లు చేసి, అప్పుడు మోటారు వేయండి.